శిలాశాసనం నుండి ఉపగ్రహ పటం దాకా: కరవు సీమలో భూవిజ్ఞాన బోధన కథ

పుట్టపర్తి పక్కగా సాగే చిత్రావతి పేరుకు నది. కాని సంవత్సరంలో చాలా మాసాలు దాని గర్భంలో కనిపించేది ఇసుక, నీరు కాదు. నది కొండలలో పుట్టి, మైదానాలలో ప్రవహించి, సముద్రంలో కలుస్తుందని పాఠ్యపుస్తకంలో చదివిన విద్యార్థి బడి విడిచి ఇంటికి పోతూ ఆ ఇసుక మీదుగా నడచిపోతాడు. పుస్తకంలోని నదికీ, కాలి కింది నదికీ పొత్తు కుదరదు. ఇదే చిత్రావతి 2021 నవంబరులో ఉప్పొంగినప్పుడు ప్రవాహంలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం వారు హెలికాప్టరుతో పైకి తీయవలసి వచ్చినది. ఎండిన నది ఒక్క వారంలో మనుషులను ముంచే నది ఎట్లా అయినది? ఆ నీరంతా ఎక్కడ నుండి వచ్చినది, ఎక్కడికి పోయినది? ఈ ప్రశ్నకు తన ఊరి ఆధారాలతో జవాబు చెప్పగల విద్యార్థికి భూవిజ్ఞానం పట్టుబడినట్లే.

అటువంటి జవాబు చెప్పించడానికి నేడు ఉపాధ్యాయుని చేతిలో ఒక కొత్త సాధనం ఉన్నది. కంప్యూటరు తెర మీద భూగోళాన్ని తిప్పి, తన ఊరిని వెదకి, పది సంవత్సరాల క్రిందటి చెరువును నేటి చెరువుతో పోల్చి చూడవచ్చును. అయితే ఇది ఆకాశం నుండి ఊడిపడిన వింత కాదు. నేలను, నీటిని కొలిచి, ఆ కొలతను పదిమందికీ చూపి నేర్పడమనే పని మన సీమలో ఆరు శతాబ్దాలుగా సాగుతూనే ఉన్నది. ఆ కథను క్రమంగా చూద్దాం.

రాతిపై చెక్కిన పాఠం

అనంతపురం పీఠభూమికి వాన తక్కువ కావడానికి కారణం దాని ఉనికి. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను ఎక్కేటప్పుడే తేమలో పెద్ద భాగాన్ని అక్కడ కురిపించి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. రెండింటికీ ఇది చివరి భూమి. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. అదీ కొద్ది దినాలలో ముగుస్తుంది. కనుక కురిసిన దినాన పట్టి ఉంచుకొనడమే ఈ సీమలో బ్రతుకుతెరువు. చెరువు పుట్టినది అందుకే. పుట్టపర్తికి సమీపాన ఉన్న బుక్కపట్నం చెరువు ఇందుకు పెద్ద నిదర్శనం. ఆ ఊరి పేరు విజయనగర ప్రభువైన బుక్కరాయలను తలపిస్తుంది.

చెరువు కట్టడం ఒక శాస్త్రమని చెప్పే సాక్ష్యం పొరుగున ఉన్న కడప సీమలో, పోరుమామిళ్లలో నిలిచి ఉన్నది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అక్కడ ఒక చెరువు కట్టించి 1369లో సంస్కృతంలో శాసనం వేయించినాడు. రెండు సంవత్సరాల పాటు వెయ్యిమంది పనివారు, నూరు బండ్లు ఆ కట్టకు పని చేసినట్లు అందులో ఉన్నది. మనకు ముఖ్యమైనది దాని తరువాతి భాగం. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, తగని ఆరు దోషాలనూ ఆ శాసనం వరుసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసినవాడు కావలెను. గట్టి మన్ను గల నేల కావలెను. తీయని నీరు తెచ్చే ఏరు కావలెను. కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట కావలెను. దగ్గరలో మంచి రాతి గని కావలెను. కట్ట నుండి నీరు ఊరడం దోషం. చవుడు నేల దోషం. నీరు కొంచెమై, తడపవలసిన నేల ఎక్కువ కావడం దోషం.

ఈ చివరి దోషాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆరున్నర శతాబ్దాల నాడు రాతి మీద చెక్కిన ఈ హెచ్చరికే నేడు మన బోరుబావుల దగ్గర మళ్లీ ఎదురవుతున్నది.

ఆ శాసనం ఒక బహిరంగ పాఠం. కాని చదువ నేర్చిన వారు కొద్దిమంది. రైతు తన జ్ఞానాన్ని వేరే విధంగా భద్రపరచుకొన్నాడు. ఏ కార్తెలో ఏ పైరు వేయవలెనో, ఎంత పదునుకు నాగలి కట్టవలెనో, ఏ వంక ఎప్పుడు పారుతుందో తండ్రి కొడుకుకు చెప్పినాడు. ఆ చదువుకు బలం అనుభవం. కొలతను వ్రాసిపెట్టుకొనే అలవాటు లేకపోవడం దాని లోపం.

గొలుసుతో కొలిచిన నేల

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాడు. అందుచేతనే వీటికి దత్తమండలాలని పేరు వచ్చినది. మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి, పొలం పొలాన్నీ కొలిపించి శిస్తు కట్టించినాడు. తరువాత కర్నల్ కాలిన్ మెకంజీ ఈ మండలాలను సర్వే చేయించినాడు. కావలి లక్ష్మయ్య వంటి తెలుగు పండితుల సాయంతో గ్రామాల చరిత్రలను సేకరింపజేసినాడు. కైఫీయతులని మనం పిలిచే ఆ వ్రాతలలో ఊరి దేవళాలతో పాటు చెరువులు, కాలువల ముచ్చట్లు కూడా ఉన్నవి.

అదే కాలంలో మద్రాసు దగ్గర 1802లో విలియం లాంబ్టన్ ఆధార రేఖను కొలిచి, మహా త్రికోణమితి సర్వేకు నాంది పలికినాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం అంతా తెలుస్తుందనే రేఖాగణిత సూత్రంతో దేశమంతటా త్రిభుజాల వల పన్నినారు. ఉన్నత పాఠశాలలో నేర్పే ఆ చిన్న సూత్రం మీదనే మన పటాల కట్టడమంతా నిలిచినది. 1851లో భూగర్భ సర్వే శాఖ, 1875లో వాతావరణ శాఖ ఏర్పడినవి. వానను మిల్లీమీటర్లలో, లేక అంగుళాలలో వ్రాసిపెట్టే అలవాటు దేశమంతటా వ్యాపించినది.

అయితే ఈ జ్ఞానమంతా కచేరీలలో ఉండిపోయినది. సమోన్నత రేఖలు గల సర్వే పటం పాఠశాలకు వస్తే అదే గొప్ప. గోడకు వ్రేలాడే పటంలో విద్యార్థి ఊరు కనిపించదు. ఉపాధ్యాయుడు కర్రతో చూపుతాడు, విద్యార్థి చూస్తాడు. పటాన్ని ప్రశ్నించడానికి వీలు లేదు. ‘ఈ వంక ఎండితే ఏ చెరువు ఎండుతుంది?’ అని అడిగితే కాగితం పలకదు.

ఆకాశం నుండి వచ్చిన చిత్రం

1972 జులై 23న అమెరికా వారు భూమిని పరిశీలించే మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని ఎగురవేసినారు. రెండు సంవత్సరాలకు, 1974లో, హైదరాబాదులో జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడినది. 1988 మార్చి 17న నిత్య వినియోగానికి ఉద్దేశించిన మన దేశపు మొదటి దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ సోవియట్ రాకెట్టుపై ఎగిరినది. ఈ ఉపగ్రహాల చిత్రాలు మన తెలుగు గడ్డపైననే, షాద్‌నగర్ కేంద్రంలో, అందుకొనబడుతూ వచ్చినవి.

ఉపగ్రహ చిత్రం మన ఇంటి ఫోటో వంటిది కాదు. అది చిన్న చిన్న చదరాల కూర్పు. ఒక్కొక్క చదరానికీ ఒక సంఖ్య. ఆ చోటు నుండి ఎంత వెలుగు తిరిగి వచ్చినదో ఆ సంఖ్య చెబుతుంది. పచ్చని ఆకు ఎర్రని వెలుగును మింగివేసి, కంటికి కనిపించని పరారుణ వెలుగును బలంగా వెనుకకు పంపుతుంది. నీరు పరారుణాన్ని దాదాపు పూర్తిగా మింగివేసి నల్లగా కనిపిస్తుంది. ఎండిన నేల రెంటికీ నడుమ ఉంటుంది. ఈ భేదం చేతనే పైరును, చెరువును, బీడును వేరు చేయగలుగుతున్నాము.

చదరం ఎంత చిన్నదైతే చూపు అంత పదునైనది. ఐ.ఆర్.ఎస్.-1ఎ మొదటి కెమెరాలో చదరపు భుజం 72.5 మీటర్లు. ఒక హెక్టారు పొలం అందులో రెండు చదరాలకు మించదు. తరువాత వచ్చిన లిస్-3 అనే కెమెరాలో 23.5 మీటర్లు, అదే పొలం సుమారు 18 చదరాలయినది. 2003లో ఎగిరిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-4 కెమెరాకు 5.8 మీటర్లు, ఇప్పుడు దాదాపు 300 చదరాలు. విద్యార్థులు గళ్ల కాగితంపై ఈ మూడు కొలతలను గీసి చూచిన యెడల, జిల్లా అంతటినీ చూచే చూపు పొలం గట్టును చూచే చూపుగా ఎట్లా మారినదో అర్థమవుతుంది.

మాట వినే తెర

చిత్రం వచ్చినంత మాత్రాన చదువు వచ్చినట్లు కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ పాఠాలు పంపే గొప్ప ప్రయోగం మన దేశంలో జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలు ఆ కార్యక్రమాలను చూచినవి. మన పల్లెలలో అవి తెలుగులోనే వినిపించినవి. కాని అది ఒక వైపు నుండి సాగిన మాట. తెర మాట్లాడుతుంది, పిల్లవాడు వింటాడు. సందేహం వస్తే అడగడానికి దారి లేదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎడ్యుశాట్ ఈ లోటును కొంత తీర్చి, కొన్ని కేంద్రాలలో విద్యార్థి తిరిగి ప్రశ్న వేయడానికి వీలు కల్పించినది.

అసలైన మార్పు అంతర్జాలంతో వచ్చినది. అమెరికాలో 1994లో ప్రకటింపబడి, 1995 ఏప్రిల్ 22న పని మొదలుపెట్టిన గ్లోబ్ అనే కార్యక్రమం ఒక చక్కని సూత్రాన్ని పట్టుకొన్నది. బడిపిల్లలే తమ ఊరి వానను, వేడిని, నేలను కొలిచి ఆ అంకెలను అంతర్జాలం ద్వారా పంపవలెను. అన్ని దేశాల పిల్లల అంకెలూ ఒక చోట చేరవలెను. శాస్త్రజ్ఞులు వాటిని వాడుకొనవలెను. 2000లో మన దేశం కూడా అందులో చేరినది. 2005లో గూగుల్ ఎర్త్ వెలువడి, ఎవరైనా సరే భూగోళాన్ని తిప్పి చూడగలిగినారు. 2009 ఆగస్టు 12న మన అంతరిక్ష సంస్థ వారు భువన్ అనే పటాల వేదికను ప్రారంభించినారు. దానిని నడిపేది హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమే. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలితో కలిసి బడిపిల్లల కొరకు స్కూల్ భువన్ అనే ప్రత్యేక భాగాన్ని కూడా వారు రూపొందించినారు. 2021 ఫిబ్రవరిలో దేశీయులు పటాలను, భౌగోళిక సమాచారాన్ని తయారుచేసి వాడుకొనడానికి ఉన్న ఆంక్షలు చాలావరకు తొలగినవి. మన్రో నాడు కచేరీ పెట్టెలో ఉండిన పటం బడి బల్ల మీదికి దిగివచ్చినది.

గోడ పటానికీ దీనికీ భేదం ఏమి? ఈ పటాన్ని ప్రశ్నించవచ్చును. నేల ఎత్తును చూపే పొరను, వంకల పొరను, పైరు పొరను ఒకదానిపై ఒకటి పరచవచ్చును, అక్కరలేని దానిని తీసివేయవచ్చును, దూరాన్ని కొలవవచ్చును, వేసవి చిత్రాన్ని, వానాకాలపు చిత్రాన్ని పక్కపక్కన పెట్టవచ్చును. విద్యార్థి ముందుగా తన ఊహ చెప్పి, తరువాత తెర మీద సరిచూచుకొంటాడు. తప్పితే ఎందుకు తప్పినదో ఆలోచిస్తాడు. శాస్త్ర పద్ధతి అంటే ఇదే గదా.

రైతుల నీటి బడి

ఈ కథలో మన సీమ కేవలం నేర్చుకొన్నది మాత్రమే కాదు. లోకానికి నేర్పినది కూడా. అదేమిటో చెప్పడానికి నేల లోపలికి దిగవలెను.

అనంతపురం నేల కింద ఉన్నది అతి ప్రాచీనమైన గట్టి రాయి. అది ఇసుక నేల వలె నీటిని పీల్చి దాచుకొనలేదు. పైన చివికిన రాతి పొరలోనూ, దాని కింద పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. పూర్వం కపిల తోలిన బావులు ఆ పై పొర వరకే దిగేవి. ఎద్దులు అలసితే నీరు తోడడం ఆగేది. రాత్రికి బావి మళ్లీ ఊరేది. కరెంటు మోటారుకు అలసట లేదు. బోరు గొట్టం పై పొరను దాటి వందల అడుగులు దిగి, పగుళ్లలో తరతరాలుగా చేరిన నీటిని తోడివేసినది. ఒక బోరు ఎండితే రైతు అప్పు చేసి మరొకటి వేసినాడు. అదీ ఎండినది. లోతుకు దిగినకొద్దీ కొన్ని ఊళ్లలో నీటిలో ఫ్లోరైడు కూడా ఎక్కువై, పళ్లకు, ఎముకలకు చేటు తెచ్చినది. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు వారు చిత్రావతి జలాశయం మొదలైన చోట్ల నుండి నీరు తెచ్చి ఈ జిల్లాలో వందల గ్రామాలకు త్రాగునీరు ఇవ్వవలసి రావడానికి వెనుక ఈ దుఃస్థితి ఉన్నది.

1995 నుండి 2003 వరకు నెదర్లాండ్స్ సాయంతో పేద రైతులకు బోర్లు వేయించే పథకం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో నడిచినది. బోర్లు వేస్తూ పోతే నీరు మిగలదని ఆ అనుభవంలోనే తెలిసివచ్చినది. దాని ఫలితంగా రైతులే భూగర్భ జలాన్ని కనిపెట్టి చూచుకొనే పథకం పుట్టినది. తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడు నిలిచినది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో ఆరువందలకు పైగా పల్లెలలో అది నడిచినది.

ఆ పథకం రైతుకు రాయితీ ఇవ్వలేదు. ఏ పైరునూ నిషేధించలేదు. ఇచ్చినది కొలత. ఊరి వానమానిని రైతులే చూచి వ్రాసినారు. ఎంచిన బావులలో నీటి మట్టాన్ని తాడు దించి కొలిచినారు. బోరు గొట్టం కింద పాత్ర పెట్టి, అది నిండడానికి పట్టిన సమయాన్ని బట్టి నీటి ధారను లెక్కకట్టినారు. అంకెలను ఊరి నడుమ బోర్డుపై వ్రాసినారు. రబీకి ముందు అందరూ కూర్చుండి, భూమిలో ఎంత నీరు చేరినది, ఎవరు ఏ పైరు వేయ తలచినారు, దానికి ఎంత నీరు కావలెనని జమాఖర్చు వేసినారు. నీటి బడులని పేరు పొందిన ఆ కూటములలో అక్షరాలు అంతగా రాని ఆడవారు కూడా నీటి లెక్క చెప్పడం నేర్చుకొన్నారు. లెక్క చూచిన తరువాత కొందరు వరి మాని, తక్కువ నీటి పైర్లకు మళ్లినారు. ఎవరి బలవంతమూ లేదు.

ఒక చిన్న లెక్క

ఆ జమాఖర్చును తరగతిలో వేయించవచ్చును. ఒక హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 10 ఘనమీటర్లు, అనగా 10,000 లీటర్ల నీరు. 550 మిల్లీమీటర్లు కురిస్తే 5,500 ఘనమీటర్లు. గట్టి రాతి నేలలో ఇందులో సుమారు పదవ వంతు మాత్రమే భూగర్భానికి చేరుతుందనుకొందాం: 550 ఘనమీటర్లు. వేసవిలో కేవలం బోరు నీటితో ఒక హెక్టారు వరి పండించడానికి 1,200 మిల్లీమీటర్ల నీరు పట్టిన యెడల, కావలసినది 12,000 ఘనమీటర్లు. 12,000ను 550తో భాగిస్తే దాదాపు 22. ఒక్క హెక్టారు వరి మడి 22 హెక్టార్ల నేలలో ఏడాది పొడుగునా ఇంకిన నీటిని త్రాగుతుందన్నమాట! మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకే మాట నిజమే. ఆ సవరణను విద్యార్థులు తరువాత చేర్చుకొనవచ్చును. 500 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొనే వేరుశనగకైతే తొమ్మిది హెక్టార్లు చాలును. నీరు కొంచెమై నేల ఎక్కువ కావడం దోషమన్న పోరుమామిళ్ల శాసనం ఇక్కడ అంకెలలో మాట్లాడుతున్నది.

తెర చూపనిది

నేడు ఈ కొలతలలో కొన్ని మనిషి చేయి లేకుండానే జరుగుతున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెయ్యికి పైగా పరిశీలక బోర్లలో నీటిమట్టాన్ని తమంతట తామే నమోదు చేసి పంపే పరికరాలను అమర్చినది. వాన, జలాశయాలు, భూగర్భ జలం అన్నిటినీ ఒకే తెరపై చూపే జలవనరుల సమాచార వ్యవస్థ అంతర్జాలంలో ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమయినది. పక్కనే బుక్కపట్నంలో ఉపాధ్యాయులను తయారుచేసే శిక్షణ సంస్థ ఉన్నది. చెరువు, ఏరు, శిక్షణ సంస్థ, తెర మీద పటం, అన్నీ కొద్ది మైళ్లలో కుదిరిన చోటు ఇది.

అయినా ఒక మాట మరువరాదు. ఉపగ్రహం నేల పైభాగాన్నే చూస్తుంది. మన ఊరి బావిలోని నీటిమట్టాన్ని అది కొలవలేదు. మామూలు కెమెరా మబ్బును దాటి చూడలేదు; సరిగ్గా వాన కురిసే మాసాలలోనే దాని కన్ను మూసుకొంటుంది. 2012లో ఎగిరిన రీశాట్-1 వంటి రేడార్ ఉపగ్రహాలు వచ్చినది ఆ లోటు తీర్చడానికే. పరికరం ఒక బోరు మట్టాన్ని చెబుతుంది. గట్టి రాతి నేలలో పక్క పొలం బోరు మరొక పగులు మీద ఉండవచ్చును. తెర మీద రంగు నిండిన పటాన్ని చూచి ఊరంతా అట్లే ఉన్నదనుకొంటే పొరపాటు. ఆ రంగు కొన్ని చుక్కల నడుమ వేసిన అంచనా మాత్రమే.

కనుక ఉపాధ్యాయులు తెరను బావికి బదులుగా గాక, బావికి తోడుగా వాడుకొనవలెను. బడి ఆవరణలో ఒక వానమాని పెట్టించి, దినమూ ఒక విద్యార్థి చేత చదివించి వ్రాయించవలెను. పక్షానికి ఒకసారి దగ్గరి బావిలో తాడు దించి కొలిపించవలెను. ఆ తరువాత తెర తెరిచి, సర్కారు వారి అంకె, తమ అంకె పోల్చవలెను. రెండూ కలిస్తే సంతోషం. కలవకపోతే మరింత మంచిది, ఎందుకనగా అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

ఇంటికి పోయి ‘ఈ ఏడు మన బావిలో నీరు ఇన్ని అడుగులు దిగినది, నాన్నా; కొత్త బోరు వేసే ముందు లెక్క చూద్దాం’ అని చెప్పగలిగే విద్యార్థిని తయారుచేస్తే, ఒక కుటుంబం ఒక అప్పు నుండి తప్పించుకొనవచ్చును. నాడు రాతి మీద వ్రాసిన పాఠాన్ని చదివినవారు కొద్దిమంది. నేడు వెలుగు తెర మీది పాఠాన్ని ప్రతి బిడ్డా చదవగలడు. దానిని చిత్రావతి ఇసుకలో నిలబడి చదివించడం ఉపాధ్యాయుల వంతు.